యూరిడిసిని ఎవరైనా అడిగారా?

అందరికీ నమస్కారం. ఇవాళ మనం చూడబోయేది ఫ్రెంచి దర్శకురాలు సెలీన్ సియామ్మా 2019లో తీసిన 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్'. అందులో ఒక వంటింటి సీనుంది. రాత్రిపూట ముగ్గురు ఆడవాళ్లు బల్ల దగ్గర కూర్చుని, కొవ్వొత్తి వెలుతురులో ఒక పాత కథ పైకి చదువుకుంటారు. చదివి ఊరుకోరు, దాని మీద వాదించుకుంటారు. ఆ కథ తెలియకపోయినా సినిమా అర్థమవుతుంది. తెలిస్తే మాత్రం ఆ వాదన ఎంత పాతదో, ఎన్ని శతాబ్దాలుగా ఎంతమంది అందులో తలదూర్చారో కూడా కనిపిస్తుంది. అందుకని ముందుగా ఆ కథ గురించి, అందులోని అమ్మాయి యూరిడిసి గురించి చెబుతాను.

కథ తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఓర్ఫియస్ గ్రీకు పురాణాల్లోని గాయకుడు, థ్రేస్ దేశం వాడు. లైర్ అనే తీగల వాయిద్యం పట్టుకుని పాడితే చెట్లు, రాళ్లు కూడా కదిలి దగ్గరికొచ్చేవట. యూరిడిసితో అతనికి పెళ్లయింది. పెళ్లైన వెంటనే ఆమెను పాము కరిచింది, ఆమె చనిపోయింది. అతను పాతాళానికి దిగి, అక్కడి రాజు హేడిస్ ఎదుట, రాణి పెర్సెఫొని ఎదుట పాడాడు. వాళ్లు కరిగిపోయి తీసుకుపొమ్మన్నారు. ఒకటే షరతు: నువ్వు ముందు నడువు, ఆమె నీ వెనక వస్తుంది, పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంక రెండడుగుల్లో వెలుతురు అనగా అతను తిరిగి చూశాడు. ఆమె మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. ఈసారి శాశ్వతంగా.

ఈ కథ విన్న ఎవరైనా మొదట అడిగేది ఒకటే: అతను ఎందుకు తిరిగి చూశాడు? రెండు వేల ఏళ్లుగా కవులు, చిత్రకారులు, సంగీతకారులు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగారు. ప్రేమ ఎక్కువై అన్నారు, అనుమానమన్నారు, తొందరపాటన్నారు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న ఉంది. ఆ దారంతా అతని వెనక నడిచిన మనిషిని ఎవరైనా ఏమైనా అడిగారా? నీకు పైకి రావాలని ఉందా అని గానీ, అతను తిరిగినప్పుడు నీకేమనిపించిందని గానీ? ఈ కథలో అసలు విషయం అక్కడుందని నా నమ్మకం. కళలో ఆమెకు నోరు రావడానికి ఎంత కాలం పట్టిందో చూస్తే, కథ ఎన్ని మలుపులు తిరిగిందో కూడా తెలుస్తుంది.

పాత పాఠాల్లో మనకు బాగా తెలిసినవి రెండు, రెండూ లాటిన్‌లోవే. ఒకటి వర్జిల్ 'జార్జిక్స్' నాలుగో భాగం, క్రీస్తుపూర్వం 29 ప్రాంతంలోది. రెండోది ఓవిడ్ 'మెటమార్ఫసిస్' పదో భాగం, క్రీస్తుశకం 8 ప్రాంతంలోది. వర్జిల్ పుస్తకం వ్యవసాయం మీద రాసిన కావ్యం, నాలుగో భాగం తేనెటీగల పెంపకం గురించి. అందులో ఈ కథకేం పని అనిపిస్తుంది కదా? వినండి. అరిస్టేయస్ అనే అతని తేనెటీగలన్నీ చచ్చిపోతాయి. కారణమేమిటని ప్రోటియస్ అనే సముద్ర దేవతను పట్టుకుని అడిగితే తెలిసేదేమిటంటే, ఇతను ఒకరోజు యూరిడిసి వెంటపడ్డాడు. ఆమె తప్పించుకోవడానికి ఏటి గట్టున పరుగెత్తింది. పొడవాటి గడ్డిలో, కాళ్ల దగ్గరే ఉన్న పామును చూసుకోలేదు.

అంటే వర్జిల్ దగ్గర యూరిడిసి చావు ఉత్త ప్రమాదం కాదు. ఒక మగవాడు తరిమితే చచ్చిపోయింది. చివరికి ఏమవుతుంది? అరిస్టేయస్ తల్లి చెప్పినట్టు నాలుగు ఎద్దులను, నాలుగు పెయ్యలను బలిస్తాడు. వాటి కళేబరాల్లోంచి కొత్త తేనెటీగలు పుట్టుకొస్తాయి. తరిమినవాడికి పోయింది తిరిగొచ్చింది. ప్రేమించినవాడికి రాలేదు. ఆమెకు బతుకే రాలేదు. వర్జిల్ దీని మీద ఒక్క ముక్క వ్యాఖ్యానం చెయ్యడు. రెండు కథలను పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ కడుపులో దేవినట్టు అవుతుంది.

ఒక మేలు మాత్రం చేశాడు, ఆమె చేత మాట్లాడించాడు. ఓర్ఫియస్ తిరిగి చూశాక ఆమె అనే మాటలు ఐదు పాదాలు కూడా ఉండవు. వాటి భావం ఇది: ఓర్ఫియస్, అభాగ్యురాలినైన నన్నూ నిన్నూ నాశనం చేసిన ఈ పిచ్చి ఏమిటి? విధి మళ్లీ వెనక్కి పిలుస్తోంది. నిద్ర కళ్లను మూసేస్తోంది. ఇక సెలవు. చుట్టూ చీకటి కమ్మేసి తీసుకుపోతోంది. ఇక నీదాన్ని కాను, సత్తువ లేని చేతులు నీవైపు చాస్తున్నాను. ఇంతే. కానీ ఇందులో నింద ఉంది. నీ పిచ్చి ఇద్దరినీ ముంచిందని సూటిగా అంటోంది.

ఓవిడ్ ఆ మాటలు తీసేశాడు. అరిస్టేయస్‌నూ తీసేశాడు. అతని కథలో ఆమె కొత్త పెళ్లికూతురు, చెలికత్తెలతో గడ్డిలో నడుస్తుంటే పాము మడమ మీద కాటేస్తుంది. పాతాళంలో ఓర్ఫియస్ పాట దగ్గర ఓవిడ్ చెయ్యి తిరిగిన కవి అని తెలుస్తుంది. దాహంతో అల్లాడే టాంటలస్ నీళ్ల కోసం చెయ్యి చాపడం మానేస్తాడు. ఇక్సియన్‌ను కట్టి తిప్పే చక్రం ఆగిపోతుంది. బండను కొండపైకి దొర్లించే సిసిఫస్ ఆ బండ మీదే కూర్చుండిపోతాడు. సరే, ఇవన్నీ అందరూ చెప్పుకునేవే. దీని తర్వాత వచ్చే ఒక చిన్న సంగతి మాత్రం చాలామంది దాటేస్తారు. యూరిడిసిని పిలుస్తారు. కొత్తగా చనిపోయినవాళ్ల మధ్యలోంచి ఆమె వస్తుంది, మెల్లగా అడుగులేస్తూ. ఎందుకంటే కాలికి పాముకాటు గాయం ఇంకా ఉంది.

చనిపోయాక కూడా ఆమె కుంటుతోంది. ఇప్పుడు ఆ దారిని ఊహించుకోండి. నిటారుగా ఎక్కాల్సిన బాట, చీకటి, పొగమంచు. ముందు ఆరోగ్యంగా ఉన్న మగవాడు, వెనక గాయపడిన కాలితో ఆమె. అతను తిరిగి చూసింది ఆమె వెనకబడిపోయిందేమోనన్న భయంతో, చూడాలన్న ఆత్రంతో అని ఓవిడ్ చెబుతాడు. కాలినొప్పి సంగతి ముందే చెప్పి ఉంచాడు కాబట్టి ఆ భయానికి కారణం మనకు తెలుసు. మరి ఆమె? రెండోసారి చనిపోతూ కూడా భర్తను ఏమీ అనలేదట. తనను ప్రేమించాడన్నది తప్ప ఏమని ఫిర్యాదు చేస్తుంది, అంటాడు ఓవిడ్. చాలా అందమైన వాక్యం. కానీ ఆ అందంతో వర్జిల్ ఇచ్చిన ఆ కాస్త నోరూ మూసేశాడు. ఆమె 'సెలవు' అంటుంది, అది కూడా అతని చెవికి సరిగ్గా పడదు.

ఇక్కడ గ్రీకు తత్వవేత్త ప్లేటో మాట ఒకటి చెప్పాలి. 'సింపోజియం'లో ఫీడ్రస్ అనే పాత్ర ఓర్ఫియస్‌ను తప్పుపడతాడు. భర్తకు బదులు తాను చనిపోవడానికి సిద్ధపడ్డ ఆల్సెస్టిస్‌లా ఇతను ప్రాణం ఇవ్వలేదు, బతికుండగానే పాతాళానికి పోవాలని చూశాడు, అందుకే దేవతలు ఇతనికి భార్య నీడను చూపించి పంపేశారు అంటాడు. ఇది చదివినప్పుడు తెలుగువాళ్లకు మన ఆదిపర్వంలోని రురుడు గుర్తుకు రావాలి. నన్నయ భారతంలోనూ ఉంది ఆ కథ. రురుడికి ప్రమద్వరతో పెళ్లి నిశ్చయమైంది. స్నేహితురాళ్లతో ఆడుకుంటుండగా ఆమెను పాము కరిచింది. రురుడు ఏడుస్తుంటే దేవదూత వచ్చి, నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె బతుకుతుందన్నాడు. ఇచ్చేశాడు. ఆమె నిద్రలేచినట్టు లేచింది. పాము, పెళ్లి, చావు, తిరిగి తెచ్చుకోవాలన్న తపన, అన్నీ అవే. రురుడు పాడలేదు, బతిమాలలేదు, తన దాంట్లోంచి పంచి ఇచ్చాడు. ఫీడ్రస్ వింటే సంతోషించేవాడు. అయితే ప్రమద్వర మాట మనకు అక్కడా వినబడదు, నాకు సగం ఆయుష్షు కావాలో వద్దో అని. మన దగ్గర మాట్లాడిన మనిషి సావిత్రి. యముడి వెనక నడుస్తూ దారంతా మాట్లాడింది, ఆ మాటలతోనే గెలిచింది. 1933లోనే సి. పుల్లయ్య ఆ కథను తెలుగు టాకీగా తీశారంటే ఆశ్చర్యం లేదు. అది మాటల కథ. యూరిడిసిది మాట లేని కథ.

శిల్పానికి వద్దాం. నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఒక పాలరాతి ఫలకం ఉంది. అసలుది క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం చివరి నాటి గ్రీకు శిల్పం, అది పోయింది. రోమన్ కాలపు నకళ్లు నేపుల్స్‌లో, పారిస్ లూవ్ర్‌లో, రోమ్‌లోని విల్లా అల్బానీలో మిగిలాయి. ముగ్గురు నిలబడి ఉంటారు. కుడివైపు ఓర్ఫియస్, మధ్యలో యూరిడిసి, ఎడమవైపు చనిపోయినవాళ్లను తోలుకుపోయే దేవుడు హెర్మిస్. ఓర్ఫియస్ అప్పటికే వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం మీది ముసుగు తొలగింది. ఆమె ఎడమ చెయ్యి అతని భుజం మీద ఉంది. ఆమె కుడి చేతి మణికట్టును హెర్మిస్ మెల్లగా పట్టుకున్నాడు. లాగడం లేదు, పట్టుకున్నాడంతే. ఎవరి ముఖంలోనూ ఏడుపు లేదు, అరుపు లేదు. మొత్తం విషాదం ఆ రెండు చేతుల్లో ఉంది. ఒకటి ఇటు, ఒకటి అటు. ఆమె మాత్రం నడుమ నిటారుగా నిలబడింది. ఓర్ఫియస్ మీద వచ్చిన ఎన్నో బొమ్మల్లో ఆమె ఓ మూలకు పోతుంది. ఇక్కడ నడుమ ఉన్నది ఆమే.

ఈ ఫలకం చూసి జర్మన్ కవి రిల్కే 1904లో ఒక కవిత రాశాడు. దాని పేరే 'ఓర్ఫియస్. యూరిడిసి. హెర్మిస్'. రిల్కే యూరిడిసి ఇక ఎవరి భార్యా కాదు. చావు ఆమెలో పండులా నిండిపోయింది, తీపితో, చీకటితో. ముందు నడుస్తున్న మనిషి గురించి ఆమెకు ఆలోచనే లేదు. చుట్టిన గుడ్డలు కాళ్లకు అడ్డం పడుతుంటే, తొందర లేకుండా నడుస్తుంది. హఠాత్తుగా హెర్మిస్ ఆగి, బాధతో, అతను తిరిగి చూశాడు అంటాడు. ఆమెకు అర్థం కాదు. మెల్లగా అడుగుతుంది: ఎవరు?

ఒక్క మాట. ఆ ఒక్క మాటతో కథ తలకిందులైంది. అప్పటిదాకా ఆమె తిరిగి రావాలనుకుంటోందని అందరూ లెక్కేసుకున్నారు. రిల్కే మొదటిసారి, ఆమెకు ఆ పని పూర్తయిపోయిందేమో, ఆ ప్రేమ అతనిది, ఆ దుఃఖం అతనిది, ఆమెది వేరే లోకమేమో అని రాశాడు. 1917లో అమెరికన్ కవయిత్రి హిల్డా డూలిటిల్, హెచ్.డి. పేరుతో రాసేవారు, యూరిడిసి చేతనే మాట్లాడించింది. ఆ యూరిడిసికి మామూలు కోపం కాదు. నీ అహంకారం వల్ల, నీ నిర్దయ వల్ల నన్ను మళ్లీ తోసేశావు, నన్ను వదిలేసి ఉంటే చచ్చినవాళ్లతో నిద్రపోయేదాన్ని, అంటుంది. వర్జిల్ ఆమెకు ఇచ్చిన నింద దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత అలా తిరిగొచ్చింది.

సంగీతం గురించి త్వరగా చెప్పేస్తాను, అది వేరే ఉపన్యాసం. మొత్తంగా మనకు మిగిలిన అత్యంత పాత ఆపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, దాని పేరే 'యూరిడిచె'. యాకోపో పెరి స్వరపరిచాడు, 1600లో ఫ్లోరెన్స్‌లో మరియా మెదిచి పెళ్లివేడుకల్లో ప్రదర్శించారు. పెళ్లివేడుక కాబట్టి షరతు లేదు, తిరిగి చూడటం లేదు, ఇద్దరూ హాయిగా పైకొచ్చేస్తారు. 1607లో మాంటెవెర్డి 'ఓర్ఫెయో' వచ్చింది. 1762లో వియన్నాలో గ్లుక్ ఆపెరా. గ్లుక్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ షరతు ఇంకా కఠినం: చూడకూడదు, ఎందుకు చూడటం లేదో చెప్పనూ కూడదు. దాంతో యూరిడిసికి మాటలు పుట్టాయి. నావైపు ఎందుకు చూడవు, నా మీద ప్రేమ పోయిందా, ఇలాంటి బతుకు కంటే చావే మేలు కదా అని పాడుతూనే ఉంటుంది. అతను తట్టుకోలేక తిరుగుతాడు. అంటే ఇక్కడ ఆమె మాటే అతన్ని తిప్పింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, సినిమాలో పనికొస్తుంది.

బొమ్మల్లో పూసాన్ గీసింది నాకు ప్రాణం. 1650 ప్రాంతంలోది, లూవ్ర్‌లో ఉంది. అందులో పాతాళం లేదు. పట్టపగలు, విశాలమైన మైదానం, ఏరు, దూరంగా కోట, దాన్నుంచి లేస్తున్న పొగ. ఓర్ఫియస్ లైర్ వాయిస్తున్నాడు, ఎదురుగా కొందరు మైమరచి వింటున్నారు. ఆ పక్కనే యూరిడిసి పామును చూసి అదిరిపడి వెనక్కి జరుగుతోంది. పాట వినేవాళ్లెవరూ ఆమెవైపు చూడటం లేదు. ఓర్ఫియస్ కూడా. గాలం వేసుకుని కూర్చున్న జాలరి ఒక్కడే ఉలిక్కిపడి తిరిగాడు. అందరూ ఓర్ఫియస్ తిరిగి చూసిన క్షణాన్ని గీశారు. పూసాన్ అతను చూడాల్సినప్పుడు చూడని క్షణాన్ని గీశాడు. అంతకంటే పెద్ద విమర్శ ఇంకొకటి నాకు కనపడలేదు.

ఇక సినిమాలు. 1950లో ఝాన్ కాక్టో 'ఓర్ఫే' తీశాడు. అందులో అద్దాలే చావు తలుపులు. చేతులు అద్దంలోకి దూరిపోయే షాటు కోసం తొట్టెలో పాదరసం పోసి తీశారు. గొప్ప సినిమా. కానీ కవి ఓర్ఫే మనసంతా కారు రేడియోలో వచ్చే వింత సందేశాల మీద, చావు రూపంలో వచ్చిన రాజకుమారి మీద ఉంటుంది. కడుపుతో ఉన్న యూరిడిసి ఇంట్లో ఎదురుచూస్తుంది. పాతాళం నుంచి తిరిగొచ్చాక భర్త కంట పడకూడదు కాబట్టి, అతను గదిలోకి వస్తే ఆమె బల్ల కింద దాక్కోవాల్సి వస్తుంది. చివరికి కారు అద్దంలో చూపు తగిలి మాయమవుతుంది. ఒక సంసారంలో భర్త భార్యవైపు చూడకుండా బతకడం ఎలా ఉంటుందో కాక్టో చూపించాడు. అయినా కథ మాత్రం కవిదే, అతని కీర్తిదే.

1959లో మార్సెల్ కామూ 'బ్లాక్ ఓర్ఫియస్'. వినీషియస్ డి మొరాయిస్ నాటకం ఆధారం, రియో డి జనీరో కార్నివాల్ నేపథ్యం. కాన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి పామ్ డోర్, తర్వాత ఆస్కార్ కూడా వచ్చాయి. మురికివాడల బతుకును మరీ రంగులద్ది చూపించారన్న విమర్శ దాని మీద ఉంది, న్యాయమైనదే. అయినా ఇందులో యూరిడిసిని మర్చిపోలేం. మార్పెస్సా డాన్ వేసింది ఆ పాత్ర. పల్లెటూరి నుంచి పడవలో రియోకి వస్తుంది. ఎందుకు? తనను చంపాలని ఒక మనిషి వెంటపడుతున్నాడు కాబట్టి. ఓవిడ్ తుడిచేసిన ఆ తరిమే మగవాడు, వర్జిల్ కథలోని మగవాడు, ఇక్కడ మృత్యువు వేషంలో తిరిగొచ్చాడు. ఆమె ట్రామ్ డిపోలో దాక్కుంటుంది. పైన కరెంటు తీగ పట్టుకుని వేలాడుతుంటే, సంగతి తెలియని ఓర్ఫియస్ వచ్చి స్విచ్ వేస్తాడు. ప్రేమించినవాడి చేతే ప్రాణం పోయింది. తర్వాత అతను ఆమె కోసం తప్పిపోయినవాళ్ల ఆఫీసుకి వెళ్తాడు. నిర్మానుష్యంగా ఉన్న కారిడార్లు, నేల మీద కాగితాలు, కిందికి చుట్టుకుంటూ దిగే మెట్లు. ఇరవయ్యో శతాబ్దపు పాతాళం ఒక సర్కారు ఆఫీసు. నాకు తెలిసి సినిమాలో పాతాళాన్ని ఇంత నిజంగా చూపించినవాళ్లు తక్కువ.

పేరు చెప్పకుండా ఈ కథను చెప్పిన సినిమా హిచ్‌కాక్ 'వర్టిగో', 1958. దాని మూలం బొయ్‌లో, నార్సెజాక్ అనే ఇద్దరు ఫ్రెంచి రచయితల నవల, అందులో యూరిడిసి పేరు నేరుగానే వస్తుంది. స్కాటీ ప్రేమించిన మ్యాడెలిన్ చనిపోతుంది. ఆమె పోలికలున్న జూడీ కనిపిస్తే, అవే బట్టలు, అదే జుట్టు రంగు, అదే ముడి అంటూ ఆమెను మ్యాడెలిన్‌గా మారుస్తాడు. నన్ను నన్నుగా ప్రేమించలేవా అని జూడీ బతిమాలుతుంది. అతను వినడు. చివరికి మొత్తం వేషం వేసుకుని, హోటల్ నియాన్ బోర్డు వేసే ఆకుపచ్చ కాంతిలో ఆమె నడిచొస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు కోరో 1861లో వేసిన ఓర్ఫియస్ బొమ్మలోనూ పాతాళం ఆకుపచ్చ మంచులాగే ఉంటుంది. కోరోలో ఓర్ఫియస్ చనిపోయినామెను చెయ్యి పట్టి పైకి లాగుతాడు. హిచ్‌కాక్ సినిమాలో బతికున్న ఆమెనే చనిపోయినామెగా మార్చి ఎదురుగా నిలబెట్టుకుంటాడు. ఆమెను అడగకుండా జరిగేదాంట్లో ఇంతకంటే భయంకరమైన రూపం నేను చూడలేదు.

మన కాలంలో ఆడవాళ్లు ఈ కథను చేతుల్లోకి తీసుకున్నాక ఏమైందో చూడండి. అమెరికన్ నాటకకర్త సారా రూల్ 2003లో రాసిన నాటకంలో యూరిడిసికి పాతాళంలో చనిపోయిన తండ్రి కనబడతాడు. అతను ఆమెకు దారాలతో ఒక గది కడతాడు. తిరిగొచ్చే దారిలో ఆమే ఓర్ఫియస్‌ను పేరు పెట్టి పిలుస్తుంది, అతను తిరుగుతాడు. అనాయిస్ మిచెల్ మ్యూజికల్ 'హేడిస్‌టౌన్' 2019లో న్యూయార్క్ బ్రాడ్వే నాటకశాలలకు వచ్చి, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు ఎనిమిది గెలిచింది. అందులో ఆమెను పాము కరవదు. ఆకలికి, చలికి తట్టుకోలేక తానే హేడిస్ ఊరికి, అంటే పాతాళానికి, పోవడానికి ఒప్పుకుంటుంది. తప్పో ఒప్పో, నిర్ణయం ఆమెది.

ఇప్పుడు మన సినిమా. పద్దెనిమిదో శతాబ్దం, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం. మరియాన్ చిత్రకారిణి. ఎలోయీజ్‌కి తెలియని వ్యక్తితో పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుకి పంపడానికి ఆమె బొమ్మ గీయాలని మరియాన్‌ను పిలిపించారు. సోఫీ పనిమనిషి. వంటింట్లో ఎలోయీజ్ ఓవిడ్ చదువుతుంది. సోఫీకి ఒళ్లు మండుతుంది. చూడొద్దని చెప్పారుగా, చూడటానికి అతనికి ఏ కారణమూ లేదంటుంది. మరియాన్, అతను ప్రేమికుడిలా కాకుండా కవిలా ఆలోచించాడు, ఆమెను కాక ఆమె జ్ఞాపకాన్ని ఎంచుకున్నాడంటుంది. అది చిత్రకారిణి మాట, బొమ్మ గీసేవాళ్ల వైపు మాట. అప్పుడు ఎలోయీజ్ అంటుంది: తిరిగి చూడమని ఆమే అన్నదేమో.

గ్లుక్‌లో ఆమె అనుమానంతో పిలిచింది. సారా రూల్ నాటకంలో పేరు పెట్టి పిలిచింది. ఇక్కడ ఆ మాట అంటున్నది రేపోమాపో తన ఇష్టంతో పని లేకుండా ఇంకో ఇంటికి పంపబడబోయే అమ్మాయి. చూడబడటమే పనిగా కూర్చున్న అమ్మాయి. చూపు ఎప్పుడు పడాలో తాను చెప్పగలిగితే ఎలా ఉంటుందో అని ఆలోచిస్తోంది. సోఫీ కోపాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. ముగ్గురిలో ఓవిడ్ మొదటిసారి వింటున్నది ఆమే అనిపిస్తుంది. ఆమెకు కవి ఎంపికలూ అవీ పట్టవు, ఒక మనిషి చచ్చిపోయిందన్నదే పడుతుంది. ఆ సీనులో నేను ఎక్కువసేపు చూసేది సోఫీ ముఖాన్నే.

ఆ తర్వాత ఆ మాట సినిమాలో ఎక్కడ, ఎలా తిరిగొస్తుందో చెప్పను, మీరే చూడాలి. సినిమా రెండు గంటలు. అయ్యాక పది నిమిషాలు విరామం ఇచ్చి మళ్లీ కూర్చుందాం. వర్జిల్ పాఠం తెలుగులో రాసుకొచ్చాను, కావలసినవాళ్లు అప్పుడు తీసుకోవచ్చు. ముందు వరుసలోని వాళ్లకు సబ్‌టైటిల్స్ కనబడకపోతే వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఇప్పుడే మారిపోండి.